వెయ్యి డిస్కుల కాపలా
(స్టోరేజ్ క్లస్టర్ల నిర్వహణ గురించి విద్యార్థులకు, తల్లిదండ్రులకు కొన్ని మాటలు)

కోయంబత్తూరు, మదురై ప్రాంతాలలోని మన కుటుంబాలలో ఈనాడు ఒక్కరైనా కంప్యూటర్ కోర్సు చదవని ఇల్లు అరుదు. అయితే కంప్యూటర్ ఉద్యోగం అనగానే ప్రోగ్రాములు రాయడం ఒక్కటే అందరికీ గుర్తుకు వస్తుంది. నేను చేసే పని అది కాదు. పదిహేనేళ్లకు పైగా డేటా సెంటర్లలో స్టోరేజ్ క్లస్టర్లను చూసుకునే పనిలో ఉన్నాను. మన పెద్దలొకరు ఒకసారి "హార్డ్ డిస్కులు చూసుకోవడానికి కూడా ఇంజనీరు కావాలా అప్పా?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి వివరంగా జవాబు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. మన పిల్లలలో చాలామంది తమిళం లేదా ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నారు. తెలుగు అక్షరాలు అలవాటు లేనివారికి తల్లిదండ్రులు చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాను.

దాచవలసినది ఏమిటి?

మనకు తెలిసిన ఉదాహరణే చెబుతాను. డాక్టర్ జి. వెంకటస్వామి గారు 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రిని ప్రారంభించారు. చక్కెర వ్యాధి వల్ల కంటి వెనుక పొర దెబ్బతినడాన్ని కంప్యూటర్ చేత గుర్తింపజేయడం గురించి గూగుల్ పరిశోధకులు 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. దానిలో కంప్యూటర్‌కు నేర్పడానికి 1,28,175 కంటి ఫొటోలు వాడారు. అమెరికా నుంచి వచ్చిన ఫొటోలతో పాటు అరవింద్‌తో సహా మన దేశంలోని మూడు కంటి ఆసుపత్రుల ఫొటోలు కూడా వాటిలో ఉన్నాయి.

ఆ ఫొటోలు ఎక్కడో ఒకచోట చెడకుండా, పోకుండా ఉండబట్టే ఆ పని సాధ్యమైంది. పరిశోధన సంగతి అలా ఉంచినా, ఏ ఆసుపత్రిలోనైనా ఈ ఏడాది వచ్చిన రోగి కంటిని నిరుటి ఫొటోతో పోల్చి చూడాలంటే ఆ పాత ఫొటో దొరకాలి. బ్యాంకు ఖాతాలు, పరీక్షల మార్కులు, భూమి పత్రాలు అన్నింటికీ ఇదే వర్తిస్తుంది. కంప్యూటర్ పాడైతే మరొకటి కొనవచ్చు. దానిలోని సమాచారం పోతే ఏ అంగడిలోనూ దొరకదు.

కదురు ఆగినా మిల్లు ఆగదు

హార్డ్ డిస్కు తిరిగే యంత్రం. ఎప్పుడో ఒకప్పుడు చెడిపోతుంది. అమెరికాలోని బ్యాక్‌బ్లేజ్ అనే సంస్థ తన దగ్గర ఉన్న లక్షల డిస్కులలో ఏడాదికి ఎన్ని చెడిపోతున్నాయో లెక్క ప్రకటిస్తుంది. 2024లో అది 1.57 శాతం. ఇంట్లో ఒక్క డిస్కు ఉన్నవారికి ఇది చిన్న సంఖ్య. వెయ్యి డిస్కులు ఉన్నచోట మాత్రం ఏడాదికి పదిహేను పదహారు, అంటే నెలకు ఒకటికి పైగా చెడిపోతాయన్నమాట. కాబట్టి "చెడకుండా చూడటం" కుదరదు. "చెడినా పని ఆగకుండా, సమాచారం పోకుండా చూడటం" కుదురుతుంది.

కోయంబత్తూరు వారికి ఇది కొత్త విషయం కాదు. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు గారు స్థాపించిన లక్ష్మీ మిల్స్ మొదలుకొని మన ఊళ్లలో ఎన్నో స్పిన్నింగ్ మిల్లులు నడిచాయి. ఒక్కొక్క రింగ్ ఫ్రేములో వందల కదుర్లు తిరుగుతుంటాయి. ఎక్కడో ఒక పోగు తెగుతుంది. అందుకోసం మిల్లు ఆపరు. వరుసల మధ్య తిరిగే కార్మికురాలు ఆ పోగును అతికి ముందుకు పోతుంది. తక్కిన కదుర్లు తిరుగుతూనే ఉంటాయి. స్టోరేజ్ క్లస్టర్ కూడా అటువంటిదే.

పూర్వం పెద్ద సంస్థలు సమాచారం దాచడానికి ప్రత్యేకమైన పెట్టెలను కొనేవి. డిస్కులు, వాటిని నడిపే కార్డు, లోపలి సాఫ్ట్‌వేర్ అన్నీ ఒకే కంపెనీవి. చోటు చాలకపోయినా, భాగం చెడినా ఆ కంపెనీ మీదే ఆధారపడాలి. అటువంటి పెట్టెలు ఇప్పటికీ ఉన్నాయి. వాటికి భిన్నంగా, ఎవరైనా అమ్మే మామూలు సర్వర్లను నెట్‌వర్క్‌తో కలిపి, వాటి డిస్కులన్నింటినీ ఒకే పెద్ద గిడ్డంగిగా చూపించే పనిని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించడమే సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ స్టోరేజ్. గూగుల్ సంస్థ 2003లో తన ఫైల్ సిస్టమ్ గురించి ప్రచురించిన పత్రంలో, భాగాలు చెడిపోవడం మామూలు విషయమేనన్న ఆలోచన మీదనే నిర్మాణం చేసినట్లు వివరించింది. సేజ్ వైల్ అనే విద్యార్థి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటాక్రూజ్ శాఖలో తన డాక్టరేటు పరిశోధనగా "సెఫ్" అనే సాఫ్ట్‌వేర్‌ను తయారు చేశారు. అది ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్. విశ్వరహస్యాలు పరిశోధించే ఐరోపాలోని సెర్న్ సంస్థ కూడా 2013 నుంచి దానిని వాడుతోంది.

మూడు నకళ్లు, మూడు చోట్లు

సెఫ్ పనిచేసే తీరు క్లుప్తంగా ఇది. మనం పంపిన సమాచారాన్ని చిన్న చిన్న ముక్కలు చేస్తుంది. సాధారణంగా ప్రతి ముక్కకు మూడు నకళ్లు ఉంచుతారు. ఆ మూడూ ఒకే సర్వర్‌లో ఉంటే లాభం లేదు. ఆ సర్వర్ పోతే మూడూ పోతాయి. అందుచేత మూడు వేర్వేరు సర్వర్లలో, వీలైతే వేర్వేరు ర్యాకులలో ఉండేలా నిబంధన పెట్టాలి. ఏ ముక్క ఎక్కడుందో చెప్పడానికి ఒక పెద్ద రిజిస్టరు పెట్టుకోదు. క్రష్ అనే లెక్క ప్రకారం ఎవరు లెక్కించినా ఒకే చోటు జవాబుగా వస్తుంది.

క్లస్టర్‌లో ఎవరు బతికి ఉన్నారో తేల్చడానికి మానిటర్లు అనే ప్రోగ్రాములు ఉంటాయి. ఇవి 3 లేదా 5 ఉండాలి. మానిటర్లలో సగానికి మించినవి ఒప్పుకుంటేనే నిర్ణయం చెల్లుతుంది. నెట్‌వర్క్ తెగి క్లస్టర్ రెండు ముక్కలైనప్పుడు రెండు వైపులా వేర్వేరుగా రాసుకుంటూ పోయే ప్రమాదాన్ని ఈ ఏర్పాటు నివారిస్తుంది.

ఒక డిస్కు మూగబోతే, మామూలు అమరికలో 10 నిమిషాలు ఎదురు చూసి, అది ఇక రాదని తేల్చుకుని, దానిలోని ముక్కలకు మిగిలిన నకళ్ల నుంచి కొత్త నకళ్లు తయారు చేయడం మొదలుపెడుతుంది. అర్ధరాత్రి డిస్కు పోయినా తెల్లవారేసరికి ఈ పని చాలావరకు పూర్తయిపోవచ్చు.

మరి మనిషి చేయవలసినది ఏమిటి?

ఇంత పని సాఫ్ట్‌వేరే చేస్తున్నప్పుడు మనిషి ఎందుకు అనిపించవచ్చు. నేను రోజూ చూసే పనులలో ముఖ్యమైనవి ఇవి:

1. ఖాళీ స్థలం లెక్క: ఒక్కొక్కటి 4 టెరాబైట్ల డిస్కులు ఆరేసి ఉన్న ఐదు సర్వర్లు ఉన్నాయనుకుందాం. మొత్తం 120 టెరాబైట్లు. మూడు నకళ్లు కనుక వాడదగ్గది 40. ఒక సర్వర్ పూర్తిగా పోయినా మిగిలిన నాలుగింటిలో అంతా ఇమడాలి కనుక 32. డిస్కులు 85 శాతం నిండగానే సెఫ్ హెచ్చరిస్తుంది, 95 శాతం నిండితే రాయడమే ఆపేస్తుంది. ఆ 85 శాతం గీత దాటకూడదు కనుక చివరికి సుమారు 27. అంటే 120 కొన్నవారు ధైర్యంగా మాట ఇవ్వగలిగింది 27కే. ఈ లెక్క యాజమాన్యానికి ముందుగానే చెప్పాలి. నిండిపోయిన తరువాత చెబితే ప్రయోజనం లేదు.

2. మరమ్మతుకు ముందు జాగ్రత్త: మెమరీ మార్చడానికి ఒక సర్వర్‌ను అరగంట ఆపాలనుకోండి. 10 నిమిషాలు దాటగానే క్లస్టర్ అది పోయిందనుకుని టెరాబైట్ల కొద్దీ సమాచారాన్ని అనవసరంగా కదిలిస్తుంది. అందుకు ముందుగా "నోఅవుట్" అనే గుర్తు పెట్టాలి. పని అయ్యాక దానిని తప్పనిసరిగా తీసివేయాలి. తీయకపోతే నిజంగా డిస్కు పోయిన రోజున మరమ్మతు మొదలుకాదు.

3. ఒక్కొక్కటిగా పని: ఒక సర్వర్ బాగై, క్లస్టర్ ఆరోగ్యంగా ఉందని తెరపై చూసిన తరువాతనే రెండవ దానిని ముట్టుకోవాలి. రెండు సర్వర్లు ఒకేసారి ఆగితే కొన్ని ముక్కలకు ఒక్క నకలే మిగులుతుంది. అప్పుడు సెఫ్ ఆ ముక్కల మీద రాతకోతలు నిలిపివేస్తుంది.

4. మౌనంగా చెడే సమాచారం: డిస్కు బాగానే తిరుగుతున్నా లోపల ఒకటి రెండు అక్షరాలు మారిపోవచ్చు. దీనిని పట్టుకోవడానికి సెఫ్ నకళ్లను ప్రతి రోజూ పైపైన, వారానికొకసారి పూర్తిగా చదివి సరిపోలుస్తుంది. ఈ తనిఖీ వెనుకబడకుండా చూడాలి.

5. గడియారాలు: అన్ని సర్వర్ల గడియారాలు ఒకే సమయం చూపాలి. మానిటర్ల మధ్య సెకనులో ఇరవయ్యో వంతు తేడా వచ్చినా హెచ్చరిక వస్తుంది.

6. డైరీ: ఏ డిస్కు ఎప్పుడు మార్చాము, ఎందుకు మార్చాము అన్నది రాసి ఉంచాలి. నా తరువాత వచ్చేవారికి నా జ్ఞాపకశక్తి పనికిరాదు, నా రాతే పనికివస్తుంది.

నకలు వేరు, బ్యాకప్ వేరు

ఈ ఒక్క విషయం మాత్రం ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవాలి. మూడు నకళ్లు ఉన్నాయి కదా అని బ్యాకప్ మానుకోకూడదు. ఎవరైనా పొరపాటున ఫైలును చెరిపివేస్తే మూడు నకళ్లూ ఒకేసారి చెరిగిపోతాయి. భవనానికి నిప్పంటుకుంటే మూడూ కలిసి కాలిపోతాయి.

2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీల నుంచి మంటలు లేచాయి. అక్కడి ప్రభుత్వోద్యోగులు తమ ఫైళ్లు దాచుకునే "జీ డ్రైవ్" కాలిపోయింది. 858 టెరాబైట్ల సమాచారానికి బయట ఎక్కడా బ్యాకప్ లేదు. జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో 2021 డిసెంబరులో జరిగినది మరో రకం. మంట లేదు, డిస్కు చెడలేదు. బ్యాకప్ చేసే ప్రోగ్రాములోనే లోపం వల్ల సుమారు 77 టెరాబైట్ల పరిశోధన ఫైళ్లు చెరిగిపోయాయి. కనుక బ్యాకప్ మరొక చోట ఉండాలి. అది నిజంగా తిరిగి వస్తున్నదో లేదో అప్పుడప్పుడు తీసి చూడాలి. తీసి చూడని బ్యాకప్‌ను నమ్మకూడదు.

ఇంటివద్ద కూడా ఇదే పద్ధతి. మీ సర్టిఫికెట్లు, కుల ధ్రువపత్రం, మార్కుల జాబితాలు ఫోన్‌లో ఒక్కచోటే ఉంచకండి. పెన్ డ్రైవ్‌లో ఒకటి, వేరే ఊరిలోని బంధువుల ఇంట్లో ఒకటి ఉంచండి. స్కాలర్‌షిప్ గడువు చివరి రోజున ఫోన్ పాడైతే ఎంత కష్టమో మీకు చెప్పనక్కరలేదు.

చిదంబరం నుంచి ప్రపంచానికి

ఈ రంగం అమెరికా వారికే పరిమితం అనుకోవద్దు. చిదంబరంలోని అన్నామలై విశ్వవిద్యాలయంలో చదివిన ఆనంద్ బాబు పెరియసామి గారు "గ్లస్టర్" అనే స్టోరేజ్ సాఫ్ట్‌వేర్‌ను ప్రారంభించినవారిలో ఒకరు. దానిని తయారు చేసిన ఇంజనీర్లలో చాలామంది బెంగళూరులో పనిచేశారు. 2011 అక్టోబరులో రెడ్ హ్యాట్ సంస్థ ఆ కంపెనీని సుమారు 13 కోట్ల 60 లక్షల డాలర్లకు కొన్నది. అయితే రెడ్ హ్యాట్ ఆ ఉత్పత్తికి ఇచ్చే మద్దతు 2024 చివరితో ముగిసింది. దీని నుంచి విద్యార్థులు గ్రహించవలసినది ఒకటుంది. సాఫ్ట్‌వేర్ పేర్లు వస్తాయి, పోతాయి. నకళ్లు ఎందుకు, ఎక్కడ ఉంచాలి, సగానికి మించిన ఒప్పుదల ఎందుకు అన్న మూలసూత్రాలు తెలిసినవారు గ్లస్టర్ నుంచి సెఫ్‌కు, రేపు మరొకదానికి సులభంగా మారగలరు.

ఎలా నేర్చుకోవాలి?

ఇంజనీరింగ్ వారే కాదు, పాలిటెక్నిక్ డిప్లొమా, బి.ఎస్సీ., బి.సి.ఏ. చదివేవారు కూడా ఈ పనికి రాగలరు. ముందు లినక్స్ బాగా రావాలి. తరువాత నెట్‌వర్కింగ్, ఆపరేటింగ్ సిస్టమ్స్, కొంచెం పైథాన్. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో ప్రారంభించిన ఎన్‌పీటెల్‌లో ఈ పాఠాలు ఉచితంగా వినవచ్చు.

తరువాత 16 జీబీ మెమరీ ఉన్న ఒక కంప్యూటర్‌లో వర్చువల్ మెషీన్లు మూడు తయారు చేసి, వాటిలో సెఫ్ అమర్చండి. కాలేజీ ల్యాబులో ముగ్గురు స్నేహితులు కలిసి కూడా చేయవచ్చు. కొన్ని ఫైళ్లు దాచి, ఒక మెషీన్‌ను ఆపి చూడండి. ఫైళ్లు వస్తున్నాయా? రెండవదానిని కూడా ఆపండి. ఏమైంది? ఎందుకైంది? చూసినదంతా నోటు పుస్తకంలో రాయండి. ఇంటర్వ్యూలో "సెఫ్ తెలుసు" అని చెప్పేవారికన్నా, "రెండు ఆపితే ఇలా నిలిచిపోయింది, ఇలా సరిచేశాను" అని చెప్పేవారికే విలువ ఎక్కువ.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ ఉద్యోగంలో రాత్రి ఫోను మోగవచ్చు, సెలవు దినాలలో పని పడవచ్చు. పని బాగా జరిగినన్నాళ్లు ఎవరూ మెచ్చుకోరు, ఎందుకంటే ఏమీ జరిగినట్లు కనిపించదు. ఓర్పు, క్రమశిక్షణ, లెక్క తప్పని అలవాటు ఉన్న పిల్లలకు ఇది చక్కగా నప్పుతుంది. తరగతిలో మొదటి ర్యాంకు రాకపోయినా, రికార్డు నోటు శుభ్రంగా రాసి, ప్రయోగం చివరి వరకు నిలబడి చూసే బిడ్డ మీ ఇంట్లో ఉంటే ఈ దారి గురించి తప్పక ఆలోచించండి. పెద్దాయన అడిగిన ప్రశ్నకు నా జవాబు కూడా అదే. డిస్కు మార్చడానికి స్క్రూడ్రైవర్ చాలు. ఏ డిస్కును, ఎప్పుడు, ఏమేమి సరిచూసుకున్న తరువాత మార్చాలో తెలియడానికి చదువు కావాలి.