పెరటిలో మెట్టతామర

మా వంటింటి వెనుక అంట్లు తోమిన నీరు నిలిచి దోమలు ముసిరేవి. గుడివాడ నుండి బంధువులు నాలుగు మెట్టతామర దుంపలు తెచ్చియిచ్చారు. నీరు పారేలా చిన్న బోదె తీసి, దాని గట్టున నాటాము. ఏడాది తిరిగేసరికి మురుగు తగ్గి, ఎర్రని పూలగుబురు లేచింది.

పేరు తామరే గాని ఇది అల్లానికి, అరటికి దగ్గరి మొక్క. అమెరికా ఖండపు వేడి ప్రాంతాలు దీని పుట్టిల్లు. రెండు మూడు మొలకలున్న దుంప ముక్కను నాలుగంగుళాల లోతున, అడుగున్నర ఎడముగా, బాగా ఎండ తగిలే చోట నాటాలి. పూత అయిపోయిన కాడను మొదలంటా కోసివేస్తే కొత్త పిలకలు వస్తాయి. ఆకులను చుట్టి తినే పురుగులను చేతితో ఏరివేయవచ్చును.

బందరు, నాగాయలంక వైపు చాలాచోట్ల బోరునీరు ఉప్పన. అది పోస్తే ఆకుల అంచులు మాడిపోతాయి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన దివిసీమ పెద్దలకు ఉప్పు తగిలిన నేల సంగతి చెప్పనక్కరలేదు. అటువంటి చోట మట్టి ఎత్తుచేసి, చివికిన పశువుల ఎరువు కలిపి, చెరువు నీరో వాననీరో పోయండి.

మూడవ ఏట మా గుబురు పూయడం మానింది. బలం చాలలేదనుకొని ఎరువు వేశాము; ఆకులే పెరిగాయి. తవ్వి చూస్తే దుంపలు ఒకదానిపై ఒకటి ఇరుక్కొని ఉన్నాయి. సగం తీసి ఇరుగుపొరుగులకు పంచాము. మిగిలినవి మరల పూశాయి. మీరును రెండు మూడేళ్లకొకసారి అలాగే పంచండి. అదనపు దుంపలను మాత్రం మురుగుకాలువలో పారవేయకండి. అవి అక్కడే వేళ్లూని నీటికి అడ్డుపడతాయి.