పాలు పడని బిడ్డకు ఏమి పెడదాము?

"పాలు తాగితే బలం" అని చిన్ననాటి నుండి మనము వింటూనే ఉన్నాము. అయితే కొందరు పిల్లలకు, పెద్దలకు గ్లాసెడు పాలు తాగిన కొద్దిసేపటికే కడుపు ఉబ్బి, నొప్పి, విరేచనాలు పట్టుకొంటాయి. మరికొన్ని ఇండ్లలో గేదె ఇచ్చిన పాలన్నీ కేంద్రానికి పోస్తేనే ఇల్లు గడుస్తుంది. పిల్లల గ్లాసులోకి ఏమీ మిగలదు. ఈ రెండు విధముల కుటుంబాల కొరకు ఈ మాటలు వ్రాస్తున్నాము.

పాలు ఎందుకు పడవు? పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. దానిని అరిగించే శక్తి వయసు పెరిగేకొలది చాలమందిలో తగ్గిపోతుంది. అరగని చక్కెర పెద్దప్రేగులో పులిసి గాలి పుట్టిస్తుంది. ఇట్టివారిలో చాలమందికి పెరుగు, మజ్జిగ పడతాయి, వాటిని మానిపించనక్కరలేదు. కాని పాలు తాగగానే దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసము కనబడినా, మలములో నెత్తురు పడినా అది వేరే సంగతి. అప్పుడు పెరుగు కూడా పెట్టక వెంటనే వైద్యునికి చూపించాలి.

గింజల పాలలో సోయా పాలు మేలైనవి. మాంసకృత్తులలో ఇవి ఆవుపాలకు దగ్గరగా ఉంటాయి. ఒక గ్లాసు సోయా గింజలు రాత్రి నానబెట్టి, ఉదయము పొట్టు తీసి, వేడినీటితో మెత్తగా రుబ్బాలి. ఆరేడు గ్లాసుల నీరు చేర్చి, పలుచని గుడ్డతో వడకట్టి, అడుగంటకుండ కలుపుతూ 20 నిమిషాలు కాచాలి. పచ్చివి తాగరాదు. పచ్చి సోయాలో అరుగుదలను అడ్డగించే పదార్థము కాచితేనే పోతుంది.

వేరుశనగతోను ఇట్లే చేయవచ్చును. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థవారు వేరుశనగ మాంసకృత్తులను పాలతో కలిపి 'మిల్టోన్' అనే పానీయమును 1970ల నాటికే తయారుచేశారు. బూజు పట్టిన పప్పును మాత్రము ఏరి పారవేయండి. ఆ బూజులోని విషము కాలేయాన్ని చెరుపుతుంది, కాచినా పోదు. వేరుశనగ, సోయా కూడా పడనివారు ఉంటారు గనుక మొదట ఒక చెంచాతో మొదలుపెట్టండి. ఫ్రిజ్ లేని ఇంట ఏ పూటకు కావలసినవి ఆ పూటే కాచుకోవాలి.

కొబ్బరిపాలలో కొవ్వు ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. బియ్యపు గంజిలో ఉండేది చాలవరకు పిండిపదార్థమే. తెల్లగా ఉన్నదల్లా పాలకు సాటి కాదు.

ఇంట చేసిన గింజల పాలలో సున్నము తక్కువ. ఆ లోటు రాగులు తీర్చగలవు. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములు ఉన్నది. పొట్టు తీయని నువ్వులలో ఇంకా ఎక్కువ. రాగిజావ, నువ్వుల ఉండ, మునగాకు, ముల్లుతో తినే చిన్న చేపలు వారములో పలుమార్లు పెట్టండి. బి12 విటమిను మొక్కల ఆహారములో దొరకదు. అది గ్రుడ్డు, చేప, మాంసము, పెరుగు నుండి రావాలి.

తల్లులారా, ఒక్క మాట మరువకండి. ఆరు నెలలు నిండేవరకు బిడ్డకు తల్లిపాలే ఆహారము. ఏడాది నిండని పసివానికి తల్లిపాలకు బదులు గింజల పాలు పోయరాదు, బిడ్డ ఎండిపోతాడు. తల్లిపాలు చాలకపోతే ఆశా కార్యకర్తనో డాక్టరునో అడగండి. ఏడాది దాటిన పిల్లలకు ఈ పాలు అన్నము, పప్పు, ఆకుకూరలకు తోడుగా ఇవ్వండి, వాటికి బదులుగా కాదు. పాలు పోసి ఇల్లు గడుపుకొనే సహోదరీలారా, కేంద్రానికి బయలుదేరకముందే పిల్లలకు ఒక గ్లాసెడు పక్కకు తీసిపెట్టండి.