ఫోన్‌ మనది... తాళం బ్యాంకుది!

కొత్త సెల్‌ఫోన్‌ తెరవగానే అడగని యాప్‌లు బోలెడు. తీసేద్దామన్నా కొన్ని పోవు. ఈ గోలంతా ఎందుకని కొందరు ఏకంగా ఫోన్లోని ఆపరేటింగ్‌ సిస్టమ్‌నే మార్చేస్తున్నారు. ఆండ్రాయిడ్‌ మూలకోడ్‌ను గూగుల్‌ ఎవరైనా వాడుకునేలా ఇస్తోంది కాబట్టి, దాని ఆధారంగా వేరేవాళ్లు తయారుచేసినవి చాలానే ఉన్నాయి. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన పాత ఫోన్లకు మళ్లీ ఊపిరిపోసే లీనియేజ్‌ ఓఎస్‌ అలాంటిదే. పిక్సెల్‌ ఫోన్లలో వాడే గ్రాఫీన్‌ ఓఎస్‌ భద్రతకు పేరుపడింది.

అంతా బాగానే ఉంటుంది... బ్యాంకు యాప్‌ తెరిచేదాకా! కొన్ని యాప్‌లు ఈ ఫోన్లో పనిచేయమంటూ మొండికేస్తాయి. కరెంటు బిల్లు నుంచి కూరగాయల దాకా ఫోన్‌తోనే కట్టే ఇంట్లో అదెంత ఇబ్బందో చెప్పక్కర్లేదు.

బ్యాంకుల భయం ఉత్తిదేం కాదు. 'రూట్‌' చేసిన ఫోన్లో, అంటే లోపలి అడ్డుగోడలు తీసేసిన ఫోన్లో దొంగ ప్రోగ్రామ్‌ దూరితే పిన్‌నూ ఓటీపీనీ కాజేయగలదు. అలాంటి ఫోన్లను గుర్తించి, యాప్‌ పనిచేయకుండా ఆపే ఏర్పాటు గురించి రిజర్వు బ్యాంకు 2021 ఫిబ్రవరి ఆదేశాల్లో చెప్పింది. అయితే అక్కడన్నది రూట్‌ చేసిన ఫోన్ల గురించే. గూగుల్‌ ముద్ర ఉండాలని కాదు.

చిక్కల్లా పరీక్ష దగ్గరే వస్తోంది. ఫోన్‌ మంచిదో కాదో తేల్చే పనిని చాలా యాప్‌లు గూగుల్‌వారి 'ప్లే ఇంటెగ్రిటీ'కి అప్పగిస్తాయి. అది చూసేది గూగుల్‌ ధ్రువీకరించిన సిస్టమ్‌ ఉందా లేదా అని. దాంతో ఏళ్లుగా భద్రతా అప్‌డేట్‌ అందని పాత ఫోన్‌ కూడా మామూలు స్థాయి పరీక్ష గట్టెక్కేస్తుంది. రూట్‌ చేయని, వెంటవెంటనే అప్‌డేట్లు అందుకునే గ్రాఫీన్‌ మాత్రం తప్పుతుంది! లీనియేజ్‌ సంగతి వేరు. దాన్ని వేసుకున్న ఫోన్లలో సాధారణంగా బూట్‌లోడర్‌ తాళం తెరిచే ఉంటుంది గనుక అక్కడ బ్యాంకు అనుమానంలో న్యాయముంది.

దీనికి మరో దారి లేకపోలేదు. ఫోన్లో ఏ సిస్టమ్‌ నడుస్తోందో అందులోని చిప్పే సంతకం చేసి చెప్పే పద్ధతి ఆండ్రాయిడ్‌లోనే ఉంది. తలచుకుంటే బ్యాంకు గ్రాఫీన్‌ సంతకాన్నీ తన జాబితాలో చేర్చుకోవచ్చు. ఆ కాస్త పనికి బద్ధకించడం సమంజసం కాదు.

మార్పులు చేసిన ఆండ్రాయిడ్‌తో ఫోన్లు చేయకుండా తయారీదారులను కట్టడి చేసే ఒప్పందాలను కాంపిటీషన్‌ కమిషన్‌ 2022 అక్టోబరులో తప్పుపట్టింది. ఆ కేసులో గూగుల్‌కు వేసిన 1,337.76 కోట్ల రూపాయల జరిమానాను 2023 మార్చిలో అప్పిలేట్‌ ట్రైబ్యునల్‌ కూడా సమర్థించింది. కానీ అది గూగుల్‌కూ ఫోన్ల కంపెనీలకూ మధ్య వ్యవహారం. ఫోన్‌ కొన్నాక సిస్టమ్‌ మార్చుకున్నవాళ్ల గొడవ అందులో తేలలేదు. విచిత్రమేమిటంటే, 2022 మార్చిలో వచ్చిన యూపీఐ 123పేతో ఏ యాప్‌ లేని బటన్‌ ఫోన్‌ నుంచీ డబ్బు పంపొచ్చు!

సిస్టమ్‌ మార్చాలనుకునేవారు తమ బ్యాంకు యాప్‌ అందులో నడుస్తుందో లేదో ముందే కనుక్కోవడం మంచిది. నెట్‌బ్యాంకింగ్‌ను సిద్ధంగా ఉంచుకోవాలి. యాప్‌ను మభ్యపెట్టే చిట్కాల జోలికి మాత్రం వెళ్లొద్దు. అవి ఫోన్‌ భద్రతకే చిల్లు పెడతాయి.