ఏ విమర్శ ‘ఫ్లాక్’ అవుతుంది?

మంత్రిగారు ఓ మాట జారినా, సినిమా పోస్టర్ ఒకటి వివాదమైనా మన ఇంగ్లీషు పత్రికల్లో ‘డ్రాస్ ఫ్లాక్’ అని శీర్షిక పడుతుంది. సబ్ఎడిటర్లకు ఈ మాట మీద మోజు ఎందుకో ఊహించడం తేలికే. క్రిటిసిజం అని రాస్తే సగం లైను పోతుంది, ఇది నాలుగు అక్షరాల్లో తేలిపోతుంది. అర్థం విమర్శే. అలాగని ప్రతి విమర్శా ఫ్లాక్ అవుతుందా? కాదు. ఎందుకు కాదో ఆ మాట పుట్టుకే చెబుతుంది.

జర్మన్ భాషలో విమానాలను అడ్డుకునే ఫిరంగిని ‘ఫ్లీగర్‌అబ్‌వేర్‌కనోనె’ అంటారు. అంత బారు పేరు యుద్ధంలో ఎవరు పలుకుతారు? అక్కడో ముక్క, ఇక్కడో ముక్క తీసి ఫ్లాక్ చేశారు. 1930ల చివరికే అది ఇంగ్లీషులో చేరింది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ ఫిరంగుల్లో పేరుమోసింది 88 మిల్లీమీటర్లది. దాని గుండు విమానానికి తగలనక్కర్లేదు. ఎంతసేపటికి పేలాలో ఫ్యూజులో ముందే అమర్చి వదిలేవారు. పైన నల్లటి పొగ గుప్పున విచ్చుకుని, ఇనప పెంకులు నలువైపులా చిమ్మేవి. ఇక్కడే ఉంది అసలు చిక్కు. బాంబులు వేసే ఆ కాసేపూ విమానం ఎత్తు మార్చకూడదు, పక్కకు తిరగకూడదు. తిరిగితే గురి తప్పుతుంది. అంటే పెంకులు తగులుతున్నా తిన్నగా పోవాల్సిందే. వీటి నుంచి విమాన సిబ్బందిని కాపాడటానికే అమెరికన్ సైనిక వైద్యుడు మాల్కం గ్రో, కత్తులకు పేరుపడ్డ విల్కిన్సన్ స్వోర్డ్ కంపెనీ చేత ఉక్కు పలకల కోటు చేయించాడు. ఫ్లాక్ జాకెట్ అన్న పేరు అలా వచ్చిందే.

యుద్ధం ముగిశాక, 1960ల్లో, ఈ మాట విమర్శకు అంటుకుంది. అందుకే అందులో ఇప్పటికీ ఆ వాసన పోలేదు: నాలుగు వైపుల నుంచి, ఒక్కసారిగా, తప్పుకోను వీల్లేకుండా వచ్చిపడేది ఫ్లాక్. ఒక సమీక్షకుడు నవలలో లోపాలను నిదానంగా విప్పి చెబితే అది ఫ్లాక్ కాదు. బస్సు ఛార్జీలు పెంచిన మర్నాడు ప్రయాణికులు, ప్రతిపక్షాలు, సంఘాలు అందరూ విరుచుకుపడితే, అదీ ఫ్లాక్. 1988లో అమెరికన్ రచయితలు హెర్మన్, చామ్‌స్కీ పత్రికారంగంపై రాసిన తమ ‘మాన్యుఫాక్చరింగ్ కన్సెంట్’ పుస్తకంలో దీన్ని ఏకంగా పారిభాషిక పదం చేశారు. పత్రికలను దారికి తెచ్చుకోవడానికి ఉత్తరాలతో, ఫోన్లతో, దావాలతో చేసే దాడికి వాళ్లు పెట్టిన పేరు ఇదే.

వాడకంలో రెండు మెలికలున్నాయి. దీనికి బహువచనం లేదు, ఎంత పడినా ఫ్లాకే. ఇక దీన్ని ‘పొందుతారు’, ‘తీసుకుంటారు’, ‘రప్పించుకుంటారు’ అన్నట్టు గెట్, టేక్, డ్రా వంటి క్రియలతోనే ఎక్కువగా వాడతారు. ఎక్కువగా పడేవాడి వైపు నుంచి చెప్పే మాట ఇది.

తెలుగులోకి తెచ్చేవాళ్లు తడబడేది ఇక్కడే. చాలామంది ‘తూర్పారబట్టారు’ అని రాసేస్తారు. అది కళ్లంలో గాలికి ధాన్యం పోసి పొల్లు ఎగరగొట్టే పని. చేసేవాడి మీద దృష్టి. ఒక్కడైనా తూర్పారబట్టగలడు. ఫ్లాక్‌కు ‘విమర్శలు వెల్లువెత్తాయి’, ‘విమర్శల పాలయ్యారు’ అన్నవే దగ్గర.

ఉద్యోగ దరఖాస్తులోనో పరీక్ష వ్యాసంలోనో మాత్రం దీన్ని వాడకండి, క్రిటిసిజం అనే రాయండి. వార్తలో రాసినా స్పెల్లింగు చూసుకోండి: చివర ‘కె’ ఒక్కటే. దాని ముందు ‘సి’ చేర్చి రాసేవాళ్లూ ఉన్నారు గానీ, అలా రాస్తే అమెరికాలో డబ్బు పుచ్చుకుని ప్రచారం చేసిపెట్టే మనిషి అని కూడా అర్థం వస్తుంది.