పాత దూరయాన మోటారు సైకిలు కొనదగునా?

ఐరోపా, అమెరికాలలో దూరప్రయాణములకు పాత మోటారు సైకిలు వెదకువారికి హోండా ఎస్.టి. 1100 తరచు కంటబడును. 1990లో వెలువడిన ఈ బండికి గొలుసు లేదు. షాఫ్టు చక్రమును త్రిప్పును. టాంకులో 28 లీటర్లు పట్టును. మీటరుపై లక్ష కిలోమీటర్లున్నను మేము వెనుకాడము. మా భయము వేరు. తొలి బండ్లలో విద్యుత్తు పుట్టించు ఆల్టర్నేటరు 28 ఆంపియర్లది, నూనెతో చల్లబడునది. చెడిపోవుటలో పేరు మోసినది. అది చెడినచో నడిరాత్రి, ఊరికి దూరమున, దీపములారి బండి నిలిచిపోవును. 1996 నమూనా నుండి 40 ఆంపియర్లది అమర్చిరి. కావున రంగు చూచుటకు ముందే తయారైన సంవత్సరమడుగుడు. ఇంజను వడిగా తిరుగుచుండగా బాటరీకి వోల్టుమీటరు తగిలించి చూడుడు. సుమారు 14 వోల్టులు రావలెను. 12 దాటనిచో ఆ బేరము విడువుడు. టైరు ప్రక్కన నాలుగంకెలుండును: 3518 అనగా 2018లో 35వ వారము. ముసలి టైరైనచో క్రొత్తదాని వెల తగ్గించి అడుగుడు.