మీకు తెలుసా? ఢిల్లీలో రోడ్డు దాటడానికి ఎన్ని సెకన్లు కావాలి

సిగ్నల్ దగ్గర ఆకుపచ్చ మనిషి బొమ్మ ఎంతసేపు వెలగాలో తేల్చేది ఒక చిన్న భాగహారం: రోడ్డు వెడల్పును నడక వేగంతో భాగించడమే. మన ఇంజినీర్లు చాలాకాలంగా లెక్కలోకి తీసుకుంటున్న వేగం సెకనుకు 1.2 మీటర్లు. ఆ లెక్కన 24 మీటర్ల రోడ్డు దాటడానికి 20 సెకన్లు చాలు.

మరి మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ సంగతేంటి? సెకనుకు 0.8 మీటర్ల చొప్పున నడిస్తే ఆమెకు 30 సెకన్లు కావాలి. ఇరవయ్యో సెకనుకు ఆమె ఇంకా పదహారో మీటరు దగ్గరే ఉంటుంది, ఎదురుగా బస్సులు కదిలిపోతుంటాయి. నడిమధ్య డివైడర్ మీద నిలబడే చోటు లేకపోతే ఆమెకు దిక్కేది? పైగా ఎడమకు తిరిగే బళ్లు చాలా కూడళ్లలో ఆగనే ఆగవు.

ఢిల్లీలో రోడ్డు ప్రమాదాల్లో ప్రాణాలు కోల్పోయేవారిలో పాదచారుల వాటా చాలా పెద్దది. అందుకే ఈ పది సెకన్ల తేడా చిన్నది కాదు.

అమెరికా 2009లో తన నడక వేగం ప్రమాణాన్ని సెకనుకు 1.2 నుంచి సుమారు 1.07 మీటర్లకు తగ్గించింది. సింగపూర్‌లో అదే ఏడాది మరో ఏర్పాటు మొదలైంది: పెద్దవాళ్లు తమ కార్డును స్తంభానికి తాకిస్తే చాలు, రోడ్డు వెడల్పును బట్టి 3 నుంచి 13 సెకన్లు అదనంగా దొరుకుతాయి.

ఢిల్లీ ఐటీఓ కూడలిలో 2018 అక్టోబరులో స్కైవాక్ తెరిచారు. లిఫ్టులూ పెట్టారు, మంచిదే. కానీ వంతెన లేని కూడళ్లే ఎక్కువ. అక్కడ సిగ్నల్ పెట్టెలో సెకన్లు మార్చడానికి సిమెంటూ అక్కర్లేదు, ఇనుమూ అక్కర్లేదు.