బ్రేకుల్లేని హీరో!

సైకిల్ చైన్ అనగానే మనకి ‘శివ’ (1989)లో నాగార్జున పిడికిలే గుర్తొస్తుంది. నేను చెప్పబోయేదీ చైన్ సంగతే. కాకపోతే ఇది చేత్తో తిప్పేది కాదు, మన కాళ్ళను తిప్పేది!

ఫిక్స్‌డ్ గేర్ సైకిల్. ముద్దుపేరు ఫిక్సీ. మన మామూలు సైకిల్‌కి వెనక ఫ్రీవీల్ ఉంటుంది కదా, అందుకే దిగుడు రోడ్డులో తొక్కడం మానేసి దర్జాగా కూచోవచ్చు. ఫిక్సీకి ఆ సుఖం లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరగాల్సిందే. ఆపాలంటే కాళ్ళతో ఎదురు బలం పెట్టాలి. వెలోడ్రోమ్ పందేల్లో వాడే సైకిళ్ళివి. వాటికి బ్రేకులే ఉండవు. మన ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలోనూ ఓ వెలోడ్రోమ్ ఉంది లెండి.

ఈ పందెపు బండికి నడివీధిలో పేరు తెచ్చింది న్యూయార్క్ మెసెంజర్లు. భుజాన సంచీ, అందులో ఆఫీసు కాగితాలు, కార్ల మధ్య సందుల్లోంచి దూకుడు! విడిభాగాలు తక్కువ, రిపేర్లూ తక్కువ. అందుకే వాళ్ళకది నచ్చింది. 1987లో మేయర్ ఎడ్ కోచ్ నగరం నడిబొడ్డులో మూడు పెద్ద వీధుల్లో పగలు సైకిళ్ళను నిషేధించబోతే మెసెంజర్లు రోడ్డెక్కారు; కోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. హాలీవుడ్ ఊరుకుంటుందా? ‘క్విక్‌సిల్వర్’ (1986)లో కెవిన్ బేకన్, ‘ప్రీమియం రష్’ (2012)లో జోసెఫ్ గోర్డన్ లెవిట్ మెసెంజర్ హీరోలయ్యారు. ఈలోగా ఫ్యాక్సు, ఈమెయిలు వచ్చి ఆ పని తగ్గిపోయింది. ఫ్యాషన్ మాత్రం మిగిలింది. జన్మలో ఒక్క కవరు బట్వాడా చెయ్యని కుర్రకారు కూడా ఫిక్సీలు కొన్నారు!

మరి మన హైటెక్ సిటీలో? ఇక్కడ ఫ్యాషనూ పనీ వేరు వేరు దారుల్లో పోతున్నాయి. 2023 అక్టోబరులో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభించారు. పైన సౌర పలకల కప్పు. ఎండావానా తగలవు. ఆదివారం పొద్దున వెళ్ళి చూడండి, హెల్మెట్లు, నల్లకళ్ళద్దాలు, ఖరీదైన గేర్ల సైకిళ్ళు! ఫిక్సీ కనపడితే మీ అదృష్టం.

అన్నం మోసే సైకిల్‌కి మాత్రం ఏ కప్పూ లేదు. 2021 జూన్‌లో కింగ్ కోఠిలో ఒకాయన టీ ఆర్డరిస్తే, వానలో తడిసి సైకిల్ మీద తెచ్చాడు ఓ విద్యార్థి. ఆయన ఆ సంగతి లోకానికి చెబితే జనం 73 వేల రూపాయలు పోగుచేశారు. దాంతో కుర్రాడికి ఏం కొన్నారనుకున్నారు? మంచి సైకిలా? కాదు, పెట్రోలు బండి! అదే సబబు కూడా. అమెరికా సినిమాలో హీరో లా చదివి, ఆఫీసు వద్దనుకుని సైకిల్ ఎక్కాడు. ఇక్కడ మనవాడు సైకిల్ దిగిపోవడానికే తొక్కుతున్నాడు.

మొన్న మాదాపూర్‌లో సైకిల్ మీద ఆర్డర్లు అందించే ఓ కుర్రాణ్ణి ఆపి ఫోన్లో ఫిక్సీ బొమ్మ చూపించాను.

“దిగుడుల గూడ తొక్కాల్నా అన్నా? మరి దమ్మెప్పుడు తీసుకుంటరు?” అన్నాడు.

దర్శకుల్లారా, వీణ్ణి హీరోగా పెట్టి తీస్తే మొదటి ఆట టికెట్ నాదే. పాటలో మాత్రం ఒక దిగుడు రోడ్డు ఉంచండి బాబూ!